సముద్రంలో ఎర్ర పోగు

హాస్టల్‌లో మా ముగ్గురికీ పేర్లు లేవు. ఊళ్ళే పేర్లు. నేను హిందూపురం, వాడు ధర్మవరం, ఇంకొకడు పెనుకొండ. మా రూమ్‌ని అందరూ ‘మూడు స్టేషన్ల రూమ్’ అనేవాళ్ళు. బెంగళూరులో గుంతకల్లు వైపు రైలెక్కితే మా ముగ్గురి ఊళ్ళూ వరసగా వస్తాయి మరి.

ఇంజనీరింగ్ అయిపోయి ఏడేళ్ళు. నేను బెంగళూరులో కోడ్ రాసుకుంటున్నా. పెనుకొండ వాడు సొంతూరి పక్కనే కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాడు. ధర్మవరం వాడు నాలుగేళ్ళు బెంగళూరులోనే టెస్టింగ్ చేసి, కంపెనీలో మనుషుల్ని తగ్గించినప్పుడు ఊరికి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్నది మగ్గం. ఆయన నేసిన పట్టుచీరల్ని ఫొటోలు తీసి, ఇన్‌స్టాలో పెట్టి, ఆర్డర్లు పట్టి, కొరియర్ చేయడం ఇప్పుడు వీడి పని. ‘ఉద్యోగం పోయింది’ అని వాడు ఎప్పుడూ అనడు. ‘ఇంటికొచ్చేసినా’ అంటాడు.

స్కూబా డైవింగ్ ఐడియా నాదే. రీల్స్ చూసీ చూసీ ఎక్కిన పిచ్చి. స్కూబా అంటే అండమాన్ వెళ్ళాలి, ఫ్లైట్, హోటల్, సగం జీతం అవుట్ అనుకునేవాణ్ణి. ఆఫీసులో ఒకాయన చెప్పాడు, ‘బెంగళూరులో రాత్రి బస్సెక్కితే పొద్దున్నే మురుడేశ్వర్. అక్కడి నుంచి పడవలో నేత్రాణి ద్వీపం. సాయంత్రానికి మళ్ళీ బస్సు’ అని. మన దేశంలో పగడపు దిబ్బలు ఎక్కువగా ఉండేది అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో. కర్ణాటక తీరంలో ఒడ్డుకి 20 కిలోమీటర్ల లోపే ఉన్న ఈ చిన్న రాతి ద్వీపం చుట్టూ కూడా పగడాలు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలీదు. పైనుంచి తీసిన ఫొటోల్లో అది గుండె ఆకారంలో ఉంటుంది. ఇన్‌స్టా వాళ్ళకి ఇంకేం కావాలి!

ముగ్గురం వెళ్దామనుకున్నాం. పెనుకొండ వాడికి సెలవు దొరకలేదు. ధర్మవరం వాడేమో ‘ఇప్పుడెందుకు లేరా, డబ్బులు దండగ’ అన్నాడు. ‘నీ బర్త్‌డే గిఫ్ట్ అనుకో’ అని ఇద్దరికీ నేనే కట్టేశా. తలకి ఐదువేల చిల్లర. కట్టాక స్క్రీన్‌షాట్ పంపించా, ఇంక తప్పించుకోలేడు కదా అని.

ఇక్కడ మా నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మాది అనంతపురం కరువు నేల. జిల్లా పేరు 2022లో శ్రీ సత్యసాయి అని మారింది కానీ వానలు మారలేదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే అదే గొప్ప. మా ఇంట్లో నీళ్ళంటే వీధిలో ట్యాంకర్ హారన్, వరసగా పెట్టిన డ్రమ్ములు, బిందెలు. ఈత నేర్చుకునే ప్రశ్నే లేదు. ఎప్పుడో ఒక ఏడాది చెరువు నిండితే, మా వీధి పిల్లాడు ఒకడు అందులో దిగి పోయాడు. అప్పటి నుంచి మా అమ్మకి మోకాళ్ళు దాటిన నీళ్ళన్నీ ఒకటే. ఇప్పటికీ ఫోన్ పెట్టేముందు ‘నీళ్ళ జోలికి పోవద్దు నాయనా’ అంటుంది, బెంగళూరులో నేను ఐదో అంతస్తులో ఉంటానని తెలిసినా.

ధర్మవరం వాడు నాలా కాదు. వాళ్ళ అవ్వ ఊళ్ళో దిగుడు బావి ఉండేది. ఎండాకాలం సెలవులంతా మోటారు గది మీద నుంచి అందులోకి దూకేవాడు. మా ముగ్గురిలో ఈత వచ్చింది వాడొక్కడికే.

అమ్మకి ‘టీమ్ అవుటింగ్’ అని చెప్పా. వాడు మాత్రం ఇంట్లో నిజమే చెప్పి వచ్చాడు. పైగా ఒక పని కూడా తెచ్చుకున్నాడు.

మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే జేబులోంచి చిన్న పేపర్ పొట్లం తీశాడు. లోపల మూడు పట్టు పోగులు. ఎరుపు, పసుపు, నీలం. ఒక్కొక్కటి జానెడు. కొన్ని దారాలు కలిపి మెలేసి, చివర్లు ముడేసి ఉన్నాయి.

‘ఏందిరా ఇది, మొక్కుబడా?’ అన్నా.

‘మా నాయన ఇచ్చినాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూసినాడంట. సముద్రం లోపలికి పోతే ఎరుపు కనపడదు అని చెప్పినారంట దాంట్లో. ఆయన నమ్మల్యా. నలభై ఏండ్లు రంగు దారాలతోనే బతికినా, ఎరుపు యాడికి పోతాదిరా, చూసి రాపో అన్నాడు.’

నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు. పొట్లం జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులో ఇంకేదో కూడా ఉబ్బెత్తుగా కనిపించింది. అదేంటో నాకు తెలుసు. తెలీనట్టే బస్సెక్కా.

పొద్దున కళ్ళు తెరిచేసరికి కిటికీలో కొబ్బరిచెట్లు, భట్కల్ అని బోర్డు. పెనుకొండ వాడు ఉండుంటే దీని మీద గంట క్లాసు పీకేవాడు. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు వాళ్ళ ఊరికే రాజధాని మార్చారని వాడికి భలే గర్వం. ఆ రాజ్యానికి అరబ్ గుర్రాలు దిగిన రేవుల్లో ఈ భట్కల్ ఒకటి. సముద్రం దాటొచ్చి విజయనగరానికి చేరే సరుకుల్లో పగడం కూడా ఉండేదని అప్పటి పోర్చుగీసు వాళ్ళ రాతల్లో ఉంది. బోర్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టా. నైట్ షిఫ్ట్ దిగుతున్నవాడు ఒక గుర్రం ఎమోజీ పెట్టి ఊరుకున్నాడు.

మురుడేశ్వర్‌లో దిగగానే సముద్రం కంటే ముందు 123 అడుగుల శివుడు కనిపిస్తాడు. దండం పెట్టుకుని డైవింగ్ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. వాళ్ళు టీ ఇచ్చారు, ఫారం ఇచ్చారు.

నేను ఈ కథ రాస్తున్నదే ఆ ఫారం కోసం.

ఒకటే పేజీ. గుండె జబ్బు ఉందా, ఫిట్స్ ఉన్నాయా, చెవి ఆపరేషన్ అయిందా, ఈ మధ్య సర్జరీ ఏమైనా జరిగిందా... ఒక్కోదానికి ఎదురుగా ఎస్, నో అని రెండు డబ్బాలు. నేను చకచకా నోలు కొట్టేసి సంతకం పెట్టేశా. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, కింద దాకా స్క్రోల్ చేసి ‘ఐ అగ్రీ’ కొట్టడం చేతికి అలవాటు. పక్కకి చూస్తే వాడి పెన్ను ఒకచోట ఆగి ఉంది.

‘ఉబ్బసం/ఆస్తమా ఉందా?’

వాడు నావైపు చూశాడు. అడగలేదు, చూశాడంతే.

నాకు సెకండియర్ హాస్టల్ రాత్రి గుర్తొచ్చింది. డిసెంబరు చలి. రెండింటికి మెలకువ వస్తే వాడు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, భుజాలు పైకీ కిందికీ ఊపుతూ. ఛాతీలోంచి పిల్లికూతలు. మాట రావట్లేదు. పెనుకొండ వాడు బైక్ తీశాడు, నేను వెనక కూర్చుని వాణ్ణి మధ్యలో పట్టుకున్నా. ఆస్పత్రిలో మాస్క్ పెట్టి నెబ్యులైజర్ ఇచ్చాక గంటకి మామూలు మనిషయ్యాడు. ‘ఇంట్లో చెప్పొద్దురా’ అన్నాడు. చెప్పలేదు.

అంత తెలిసి కూడా ఆ పొద్దున నేనన్న మాట ఇది.

‘నో కొట్టేయ్ మామా. ఇప్పుడు బాగానే ఉన్నావ్ కదా. ఎస్ అంటే పంపరు.’

వాడు నో కొట్టాడు.

ఎందుకన్నానో నిజాయితీగా చెప్తా. కట్టిన డబ్బులు గుర్తొచ్చాయి. ఒక్కణ్ణే దిగాలంటే భయమేసింది. ఇద్దరం నీళ్ళ కింద పక్కపక్కన ఉన్న వీడియో అప్పటికే నా బుర్రలో ఎడిట్ అయిపోయి ఉంది. వాడి ఊపిరితిత్తుల గురించి అర సెకను కూడా ఆలోచించలేదు.

పడవలో నేత్రాణికి గంటకి పైనే పడుతుంది. మొదటి పావుగంట ఫొటోలు. తర్వాత ఒడ్డు మాయమైంది, అలలు పెద్దవయ్యాయి, నా కడుపులో టీ తిరగడం మొదలైంది. వాంతుల మాత్ర బయల్దేరే ముందు వేసుకోవాలట. నేను వాంతి అయ్యాక వేసుకున్నా. వాడు మాత్రం పడవ ముక్కు దగ్గర కూర్చుని, గాలికి మొహం పెట్టి, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఉద్యోగం పోయిన తర్వాత వాణ్ణి అంత ఖుషీగా చూడటం అదే.

సగం దూరంలో ఇన్‌స్ట్రక్టర్ క్లాసు మొదలుపెట్టాడు. కన్నడం, హిందీ, ఇంగ్లీషు కలిపి. హిందూపురం వాళ్ళకి కన్నడం సగం ఇంటిభాషే కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

సైగలు ముందు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ‘బాగున్నా’. బొటనవేలు పైకెత్తితే ‘సూపర్’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని. ఫేస్‌బుక్ అలవాటుతో లైక్ కొట్టారంటే పైకి తీసుకొచ్చేస్తారు. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ‘ఏదో తేడాగా ఉంది’. చెవులు నొప్పెడితే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదాలి. అప్పుడు లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానమవుతాయి.

‘ఇంక అన్నిటికంటే ముఖ్యమైనది. నీళ్ళలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు.’

ఎందుకో కూడా చెప్పాడు. పైన మనమీద ఉండేది ఒక వాతావరణం ఒత్తిడి. 10 మీటర్ల లోతుకి వెళ్తే అది రెట్టింపు అవుతుంది. పైన నిండుగా ఊదిన బెలూన్‌ని అక్కడికి తీసుకెళ్తే సగం సైజుకి వస్తుంది. అదే, అక్కడ సిలిండర్ గాలితో నింపిన బెలూన్‌ని మూతి కట్టేసి పైకి తెస్తే రెండింతలు కావాలని చూస్తుంది. పట్టకపోతే పగిలిపోతుంది. ఊపిరితిత్తులు కూడా అంతే. నోటితో గాలి పీలుస్తూ వదులుతూ ఉంటే ఏమీ కాదు. గాలి లోపల ఎక్కడైనా ఇరుక్కుపోతేనే ప్రమాదం.

‘అందుకే జలుబున్నా, ఆస్తమా ఉన్నా ఇప్పుడైనా చెప్పండి. దారి మూసుకుపోతే గాలి లోపలే ఉండిపోతుంది.’

ఇంటర్‌లో బాయిల్స్ లా చదివాను. ఒత్తిడి, ఘనపరిమాణం విలోమానుపాతం. మార్కులు కూడా వచ్చాయి. ఆ సూత్రం ఒక మనిషి ఛాతీ గురించి అని పడవలో కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆ పిల్లికూతలు మళ్ళీ చెవుల్లో వినిపించాయి. అవంటే ఏంటి? గాలి బయటికి రావడానికి దారి చాలక చేసే చప్పుడే కదా.

వాడివైపు చూశా. వాడు ఎటో సముద్రంలోకి చూస్తున్నాడు.

ద్వీపం దగ్గరికొచ్చింది. నిట్టనిలువు రాళ్ళు, పైన పచ్చటి చెట్లు, తిరిగే పక్షులు. దిగడానికి ఇసుక ఒడ్డు లాంటిదేం కనపడలేదు. పడవలు దూరంగానే లంగరేసుకుంటాయి. కింద నీళ్ళు నీలిరంగు గాజులా ఉన్నాయి. సిలిండర్లు బిగిస్తున్నారు. మొదట వాణ్ణే పిలిచారు, ఈత వచ్చినవాడు కదా అని. వాడు లేచాడు.

‘సార్, వీడికి ఆస్తమా ఉంది’ అన్నా.

అందరూ ఒక్కసారి తిరిగి చూశారు. ఇన్‌స్ట్రక్టర్ కోప్పడలేదు. వాడి పక్కన కూర్చుని అడిగాడు, ‘ఇన్‌హేలర్ చివరిసారి ఎప్పుడు వాడావు?’ వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పోయిన వారం’ అన్నాడు. ‘డైవ్ వద్దు తమ్ముడూ. డాక్టర్ పరీక్ష చేసి సరే అని రాసిస్తే అప్పుడు రా. ద్వీపం ఎక్కడికీ పోదు’ అని సిలిండర్ పక్కకి తీశాడు.

వాడు నా దగ్గరికొచ్చి చాలా మెల్లగా అన్నాడు, ‘నో కొట్టమనింది నువ్వే కదరా. ఒడ్డున చెప్పింటే పోయేది కదా. ఇంత దూరం వచ్చినాక చెప్తావా, ఇంతమందిలో?’

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాడన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఒడ్డు మీద అబద్ధం నాది, పడవలో నిజం కూడా నాదే. రెండుసార్లూ నష్టపోయింది వాడు.

నా వంతు వచ్చింది. సూటు, నడుముకి సీసపు బరువుల బెల్టు, వీపు మీద సిలిండర్. నిలబడటమే కష్టంగా ఉంది. వాడు వచ్చాడు. మాట్లాడలేదు. జేబులోంచి పొట్లం తీసి, మూడు పోగులూ నా ఎడమ మణికట్టుకి కట్టాడు. నేతగాడి కొడుకు ముడి, ఊడే ప్రసక్తే లేదు. లాగి ఒకసారి చూశాడు, వెళ్ళి కూర్చున్నాడు.

నీళ్ళలో మొహం పెట్టగానే నాకు మా అమ్మ గొంతు వినిపించింది. నోట్లో రెగ్యులేటర్ ఉన్నా ఊపిరి ఆడనట్టే అనిపించింది. లైక్ కొట్టేశా, పైకి తెచ్చారు. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఇన్‌స్ట్రక్టర్ నా మాస్క్ ముందు తన చెయ్యి పెట్టి మెల్లగా ఊపుతూ, పీల్చు, వదులు, పీల్చు, వదులు అని లెక్క పెట్టించాడు. బుడగల చప్పుడు వినిపించడం మొదలైంది. ఆ చప్పుడు వస్తోందంటే ఊపిరి తీస్తున్నట్టే కదా అని ధైర్యం వచ్చింది.

మెల్లగా దిగాం. చెవులు పట్టేశాయి. ముక్కు పట్టుకుని ఊదితే ‘టిక్’ మని వదిలేశాయి. కింద రాళ్ళు అనుకున్నవి దగ్గరికొచ్చేకొద్దీ రాళ్ళు కాదని తెలిసింది. మెదడులా ముడతలు పడ్డవి కొన్ని, బల్లపరుపుగా పరుచుకున్నవి కొన్ని. పగడం మొక్కా కాదు, రాయీ కాదు. జంతువు. చీమ తలంత జీవులు వేలకు వేలు ఒకదాని పక్కన ఒకటి కాపురం పెట్టి, సముద్రంలోని కాల్షియంతో కట్టుకున్న ఊళ్ళు అవి. ఆ గూళ్ళు రసాయనంగా చూస్తే మనం సున్నం కాల్చే రాయి లాంటివే. వాటికి రంగు, చాలావరకు తిండి కూడా ఇచ్చేది వాటి ఒంట్లో అద్దెకుండే సూక్ష్మమైన నాచు. నీళ్ళు మామూలుకంటే వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి తోసేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే మళ్ళీ కోలుకుంటుంది. తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 2024లో ప్రపంచమంతా ఇలా జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు, మన లక్షద్వీప్‌లో కూడా చాలా దెబ్బతిన్నాయి.

మా అమ్మ నల్లపూసల మధ్యలో రెండు పగడాలు ఉంటాయి. చిన్నప్పుడు అవి సముద్రంలో కాసే కాయలు అనుకునేవాణ్ణి. ఆ ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల దొరుకుతుంది. దీనికి బంధువు అంతే. కానీ అమ్మ మెడలో ఉన్నదాని చుట్టాల ఇంటికి, ఆమెకి చెప్పకుండా వచ్చానని మాత్రం అనిపించింది.

ఒక చిలకచేప పగడాన్ని కొరుకుతోంది. కరకర చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినిపించింది, పక్కింట్లో ఎవరో మురుకులు తింటున్నట్టు. అది మింగిన గట్టిభాగం ఇసుకై బయటికొస్తుంది. పసుపు చారల సీతాకోకచిలుక చేపలు జంటలుగా తిరుగుతున్నాయి. రాతి నీడలో మూతి ముడుచుకున్న పెద్ద చేప ఒకటి, మా మేనేజర్ లాగా, కదలకుండా చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, పోగులు. చెయ్యి కళ్ళ ముందుకి తెచ్చుకున్నా.

నీలం నీలంగానే ఉంది. పసుపు కాస్త పాలిపోయింది కానీ పసుపే. ఎరుపు లేదు. ఆ చోట గోధుమరంగో నలుపో తెలీని పోగు ఒకటి ఉంది, పాత బూట్ల లేసులాగా. చెయ్యి తిప్పి చూశా, మళ్ళీ తిప్పి చూశా. మిగతా రెండూ ఉన్నాయి కాబట్టి నా కళ్ళు బాగానే ఉన్నాయి. పడవ మీద మంటలా ఉన్న రంగు, దాదాపు 8 మీటర్ల కింద లేదు.

ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించా. ఆయన కళ్ళు మాస్క్ లోపల నవ్వాయి. నడుముకున్న చిన్న టార్చి తీసి నా మణికట్టు మీద వేశాడు. భగ్గుమని ఎరుపు. అదే ధర్మవరం ఎరుపు. టార్చి ఆర్పాడు, పోయింది. వేశాడు, వచ్చింది.

ఇందులో మాయ ఏం లేదు. నీళ్ళు సూర్యకాంతిలోని ఎరుపుని మొదటి కొన్ని మీటర్లలోనే పీల్చేసుకుంటాయి. నారింజ, పసుపు తర్వాత. నీలం చాలా లోతుకి వెళ్తుంది. పోగులో రంగు అలాగే ఉంది. దాన్ని చూపించడానికి కావాల్సిన వెలుగే అక్కడిదాకా రాదు.

తల ఎత్తి చూశా. పైన, వెండిరేకులా మెరుస్తున్న నీళ్ళకి అతుక్కుని ఒక నల్లటి ఆకారం. లైఫ్ జాకెట్, స్నార్కెల్ గొట్టం, మెల్లగా ఆడుతున్న కాళ్ళు. వాడే. పడవ వాళ్ళు తాడు పట్టుకుని, పక్కనే ఒక మనిషిని పెట్టి, పైపైన చూడటానికి దింపారు. నేను సున్నా చుట్టి చూపించా. కాసేపు ఏమీ లేదు. తర్వాత పైనుంచి ఒక చెయ్యి నీళ్ళలోకి దిగి, సున్నా చుట్టింది.

పైకొచ్చాక మొదట వాడడిగింది, ‘ఎరుపు?’

‘పోయింది’ అన్నా. టార్చి సంగతి, పసుపు సంగతి, ఏది ఎంత లోతులో ఎలా కనిపించిందో అంతా చెప్పా. వాడు నా మణికట్టు పట్టుకుని ముడి విప్పాడు. తడి పోగులు మళ్ళీ పేపర్లో చుట్టుకున్నాడు. ఫారం గురించి ఇద్దరం ఎత్తలేదు.

సాయంత్రం మురుడేశ్వర్ ఒడ్డున కూర్చుని వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు. ఆయన మగ్గం గుంతలోనే ఉన్నట్టున్నాడు, వెనక చప్పుడు వినిపిస్తోంది. వీడు తను దిగలేదని చెప్పలేదు. ‘చూసినాం నాయనా, ఎరుపు నిజంగానే కనపడదు’ అన్నాడు. చూసినాం అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, ‘సరేలే. నీళ్ళ కింద చీర కట్టుకునే వాళ్ళెవరూ లేరు కదా, మనకేం నష్టం లేదు’ అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులో వాడికి దగ్గొచ్చింది. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, నా ముందే, రెండుసార్లు పీల్చాడు. అన్నేళ్ళలో నా ముందు పీల్చడం అదే మొదటిసారి. ఎప్పుడూ బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చేవాడు.

‘సారీ మామా’ అన్నా.

‘దేనికి? నో కొట్టమనిందానికా, చెప్పిందానికా?’

‘రెండిటికీ.’

‘రెండోదానికి వద్దులే’ అన్నాడు.

రాత్రి తొమ్మిదికి బస్సు. వాడు పడుకున్నాడు. నేను చాలాసేపు వాడి ఊపిరి వింటూ కూర్చున్నా.

మీలో ఎవరైనా నేత్రాణికో, అండమాన్‌కో వెళ్తుంటే నా మాటలు నాలుగు వినండి. ఈత రాకపోయినా మొదటిసారి డైవ్ చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటాడు. వానాకాలంలో ఈ డైవింగ్ ఉండదు, దసరా దాటాక చూసుకోండి. వాంతుల మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోండి. దేన్నీ ముట్టుకోవద్దు, విరిగిన పగడం ముక్క అయినా సరే జేబులో వేసుకోవద్దు. మన వన్యప్రాణి చట్టంలో పగడానికి పులికి ఇచ్చినంత రక్షణ ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. అన్నిటికంటే ముందు ఆ ఫారం. దాన్ని ఒక్కరే కూర్చుని నింపండి. పక్కనున్న ఫ్రెండ్ పెన్ను ఆగితే, నాలాగా తొందరపెట్టొద్దు.

ఊరెళ్ళిన తర్వాతి వారం వాడు అనంతపురంలో ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేశారట. రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ వేరే ఇచ్చారట. ఇన్నాళ్ళూ ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చేవాడు, ఖర్చు తగ్గుతుందని. ఆర్నెల్లు చూసి చెప్తానన్నాడట డాక్టర్. డైవ్‌కి ఒప్పుకుంటాడో లేదో తెలీదు. ఒప్పుకోకపోతే మళ్ళీ పైనుంచే చూస్తానంటున్నాడు. పెనుకొండ వాడు ఈసారి సెలవు ఇప్పుడే పెట్టేశాడు.

అమ్మకి కూడా చెప్పేశా. కాసేపు తిట్టింది. తర్వాత అడిగింది, ‘లోపల పగడాలు ఎర్రగా ఉన్నాయా నాయనా?’

ఆ కథ ఫోన్‌లో చెప్తే అయ్యేది కాదు. ఈ ఆదివారం హిందూపురం రైలెక్కుతున్నా.